చిటికెన వేలు పట్టే సందు

మార్చి 3, సోమవారం

ఆఫీసు కంప్యూటర్లో ఏం రాసినా ఎవరికో ఒకరికి కాపీ వెళ్తుంది. అందుకే ఈ నోటుపుస్తకం. పాతది, గళ్ల కాగితం. ముందు పేజీల నిండా చదువుకునే రోజుల్లో వేసిన బీముల లెక్కలున్నాయి. నేను వెనకనుంచి రాస్తున్నాను. ఎవరైనా తెరిచినా లెక్కలు చూసి మూసేస్తారు.

ఇంకా మూడు వారాలు. ఇరవై నాలుగున మా సాఫ్ట్‌వేర్ తొమ్మిదో వెర్షన్ బయటికి వెళ్తుంది. పద్నాలుగేళ్లుగా ఎవరెవరో రాసిన ప్రోగ్రాములకు అతుకులు వేస్తూ వచ్చాను. ఇప్పుడు మొదటిసారి ఇది నాది అని చెప్పుకోవడానికి ఒక బటన్ ఉంది. దాని పేరు “కలుపు”.

“కొత్త సౌకర్యాలు” అనే ప్రకటన నన్నే రాయమన్నారు. చిత్తుప్రతి:

“వంతెన కానీ, మెట్లు కానీ, షెడ్డు కానీ కట్టకముందే అది బరువు మోయగలదో లేదో మన సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అందుకోసం కట్టడాన్ని తెర మీద వేల ముక్కలుగా కోస్తుంది. ఏ ముక్క దేన్ని అంటుకుని ఉందో ఇంతవరకు మీరే ఒక్కొక్క చుక్కా నొక్కి చెప్పాల్సి వచ్చేది. ఇక ఆ బాధ లేదు. ‘కలుపు’ నొక్కండి. దగ్గరదగ్గరగా ఉన్నవాటిని అదే కలిపేస్తుంది.”

బాగానే వచ్చింది. జనవరి మొదట్లో పెద్దసారు, అంటే మా విభాగాధిపతి, పెట్టించిన డెమోలో కూడా అందరూ చప్పట్లు కొట్టారు. డెమోకు అరగంట ముందు ఒక చిన్న సర్దుబాటు చేశాను. అంతే. మిగతాదంతా దానంతటదే నడిచింది.

ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే అతని ఉద్యోగం. మనసులో అతణ్ని మేకు అని పిలుచుకుంటాను. ఎక్కడ దిగితే అక్కణ్నించి కదలడు. నా కుర్చీ మీద కన్నుందని ఏడాదిగా నాకు తెలుసు.

మార్చి 4, మంగళవారం

ఆ డెమో అయిన వారం నుంచే “కలుపు”ను కొందరికి ముందుగా ఇచ్చి వాడమన్నాం. వాళ్ల అభిప్రాయాలు వచ్చాయి. మొహమాటం లేకుండా రాస్తారని పేర్లు తీసేసి సంఖ్యలు ఇస్తారు. ఎవరిది ఏ సంఖ్యో పెద్దసారు దగ్గరున్న జాబితాకే తెలియాలి. తెలియాలి అంటున్నాను, తెలుసు అనడం లేదు. ఆయన సొరుగుకు తాళం ఉండదు.

తొమ్మిదిమంది మెచ్చుకున్నారు. పదిహేడో సంఖ్యవారి మాటలు ఎత్తి రాసుకుంటున్నాను, మనసు బాగోనప్పుడు చదువుకోవడానికి:

“ఇదివరకు మా బీము నడిమధ్య ఇరవై మిల్లీమీటర్లు వంగేది. ‘కలుపు’ నొక్కాక నాలుగే. బీము రెండు సైజులు తగ్గించేశాం. పని నల్లేరు మీద బండి నడకలా సాగుతోంది. ఈ బటన్ చేసినవారి చేతులకు దండం.”

చేతులకు దండమట! ఇంతకాలం చుక్కలు సరిగ్గా కలపక ఎంత ఉక్కు దండగ చేశారో పాపం.

ఒకటే ఫిర్యాదు. నలభయ్యొకటో సంఖ్య: “మేము గోడకూ బీముకూ మధ్య కావాలని సందు వదిలాం. మీ ‘కలుపు’ ఆ సందు మూసేస్తోంది. సరిచేయగలరు.”

కావాలని వదిలిన సందట. ఇది నిజం వాడుకదారు రాసినట్టు లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా గ్యాప్ అంటారు. సందు అని ఎవరంటారు? “వాడుకదారు పొరపాటు” అని రాసి మూసేశాను.

మార్చి 5, బుధవారం

నలభయ్యొకటి మళ్లీ రాశారు. మళ్లీ మూసేశాను.

మార్చి 7, శుక్రవారం

దొరికాడు.

క్యాంటీన్లో వరసలో నిలబడ్డాను. నా ముందు మేకు, అతని పక్కన సర్వర్లు చూసే ఆవిడ. ఆవిడ ఏదో అడిగితే మేకు అన్న మాట ఇది, అక్షరం పొల్లుపోకుండా: “మనకెక్కడండీ, సందు దొరికితే చాలు, వాళ్లే దూరిపోతారు.”

సందు! గ్యాప్ కాదు, అవకాశం కాదు, సందు. నన్ను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

“ఏంటి విషయం?” అన్నాను.

“పార్కింగ్ గురించి సార్. నా బండి పెట్టే చోట రోజూ ఎవరో పెట్టేస్తున్నారు” అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే బండి వివరాలన్నీ చెప్పాడు. నలభయ్యొకటి అంటూ ఎవరూ లేరు. నా బటన్ ఆపించడానికి ఇతనే రాస్తున్నాడు.

మార్చి 9, ఆదివారం

బావమరిది భోజనానికి వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. నిరుడు ఉద్యోగం మానేసి సొంతంగా ఉక్కు కట్టడాల డిజైన్ పని పెట్టుకున్నాడు. జనవరిలో “కలుపు” కాపీ వాడికి నేనే ఇప్పించాను. ఒక్కరోజు తెరిచిన పాపాన పోయినట్టు లేదు, దాని ఊసే ఎత్తడు.

“ఎలా ఉందిరా పని?” అన్నాను.

“నల్లేరు మీద బండి నడకే బావా. నీ దయ.”

“నా దయేంటి?”

వాడు వాళ్లక్క వైపు చూశాడు. వాళ్లక్క కూర గిన్నె వైపు చూసింది.

“అంటే, నీలాంటి బావ ఉంటే ధైర్యం కదా. మా అక్కకి చెప్పు, ఇంకొంచెం వడ్డించమని.”

భోజనమయ్యాక ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఈ ఇంట్లో ఆ తలుపు ఎప్పుడూ వేయం, బిగుసుకుపోతుంది. పది నిమిషాలు గుసగుసలు. నేను మంచినీళ్ల వంకతో అటు వెళ్తే, స్కూల్లో కొత్త భవనం పని వల్ల గదుల్లో దుమ్ము పడుతోందని మా ఆవిడ గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ ఆ స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతుంది. దుమ్ము గురించి చెప్పుకోవడానికి తలుపు వేసుకోవాలా?

మార్చి 11, మంగళవారం

పెద్దసారు మీటింగులో హఠాత్తుగా అడిగారు: “నలభయ్యొకటి సంగతేంటి?”

ఆయనకు ఎవరు చెప్పారు? నేను మేకు వైపు చూడలేదు. చూడకపోవడం కష్టమైంది.

“ఒక్కరే సార్. సందు సందు అని ఒకటే నస.”

“తొమ్మిదిమంది మెచ్చుకున్నాక ఒక్కరి గోల పట్టించుకుంటామా?” అన్నారు.

అప్పుడు మేకు నోరు విప్పాడు. “మెచ్చుకున్నవాళ్ల మోడళ్లు ఎవరైనా తెరిచి చూశారా సార్?”

నాకు నవ్వొచ్చింది. “తిట్టినవాళ్లని అనుమానిస్తే అర్థముంది. పొగిడినవాళ్లని కూడా అనుమానిస్తావా? నీకు అనుమానం పెనుభూతమైంది.”

అందరూ నవ్వారు. మేకు నవ్వలేదు. “ఈ కలుపు పీకాల్సిన కలుపేమో సార్, పైరనుకుంటున్నాం” అన్నాడు. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. పేరు పెట్టేటప్పుడు ఇది నాకు తట్టలేదు. సాయంత్రానికి ఆఫీసంతా పాకింది. లిఫ్టులో ఎవరో “కలుపు తీతలెప్పుడు సార్?” అని అడిగారు. మెట్లు దిగి వచ్చాను.

మార్చి 12, బుధవారం

వల పన్నాను. నలభయ్యొకటికి మర్యాదగా రాశాను: “మీరు చెప్పే సందు నిజంగా ఉంటే దాని ఫోటో పంపగలరా?”

లేని సందుకు ఫోటో ఎక్కణ్నించి తెస్తాడో చూస్తాను.

మార్చి 13, గురువారం

ఫోటో వచ్చింది. సిమెంటు గోడ, ఎర్ర రంగు వేసిన ఉక్కు బీము, రెంటి మధ్యా చీకటి గీత. ఆ గీతలో ఒక చిటికెన వేలు. పెద్ద వయసు ఆడమనిషి చేయి, గోరు పక్కన సిరా మరక. కింద రాసింది: “ఇదీ సందు. ఎండకు ఇనుము సాగుతుంది కదా, అందుకు వదిలాం. రెండు చివర్లా ఇంతే. బీము గోడల అంచుల మీద ఊరికే కూర్చుంటుంది. మీ బటన్ నొక్కితే నా వేలు కూడా గోడకు అతుక్కుపోతుంది.”

వెటకారం కూడానా.

మేకు చేతులు నాకు తెలుసు, వెంట్రుకలతో నిండి ఉంటాయి. ఎవరి చేయి అరువు తెచ్చాడో. వాళ్లమ్మదా?

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ ఫోన్లో ఉంది. చెప్పులు విప్పుతుండగా వినబడింది: “ఆయనకి తెలియకూడదురా. నువ్వు రాశావని అస్సలు చెప్పకు.”

రాశాడట. ఏం రాశాడు? వాడికి కాపీ ఇచ్చింది నేను. పొయ్యి కింద నిప్పు నా ఇంట్లోనే ఉంటే, పొగ కోసం ఆఫీసులో వెతికాను. సందు సందు అని రాసేది బావమరిదా? ఎందుకు? వాడి పెళ్లిలో నేను సరదాకి అన్న మాట ఇంకా మనసులో పెట్టుకున్నాడా?

భోజనం దగ్గర మా ఆవిణ్ని చేయి చూపించమన్నాను.

“జాతకాలు కూడా నేర్చుకున్నారా?” అంది. చూపించింది. సుద్దపొడి తప్ప ఏమీ లేదు. ఆ ఫోటోలో చేయి ఆవిడది కాదు. నాకు తెలుసు కదా, ఇరవై ఏళ్లుగా చూస్తున్న చేయి. అయినా చూశాను. కొంచెం సిగ్గేసింది.

మార్చి 14, శుక్రవారం

“వచ్చే శనివారం ఖాళీ పెట్టుకోండి. మంచి చొక్కా వేసుకోవాలి” అంది.

“ఎందుకు?”

“చెప్తాగా.”

ఇరవై రెండో తేదీ. విడుదలకు రెండు రోజుల ముందు. ఆ రోజే ఎందుకు?

మార్చి 17, సోమవారం

మేకు సెలవు. పన్ను వాచిందట. శనివారం సాయంత్రం మందుల షాపు ముందు ఎదురుపడ్డాడు, ఒక బుగ్గ నిజంగానే పూరీలా పొంగి ఉంది. నోరు తెరవలేక చేయి ఊపాడు.

మధ్యాహ్నం నలభయ్యొకటి రాశారు:

“ఇది ఆఖరుసారి. మా ఆఫీసులో ‘కలుపు’ నొక్కొద్దని గోడ మీద రాసి పెట్టాను. ముప్పై ఏళ్లుగా చేత్తో లెక్కవేసి చూసుకోవడం నాకు అలవాటు కాబట్టి బతికిపోయాం. అలవాటు లేనివాళ్ల సంగతి మీరు చూసుకోండి. ఇక రాయను.”

అమ్మయ్య, పీడ వదిలింది.

మార్చి 18, మంగళవారం

నలభయ్యొకటి రాయలేదు.

మార్చి 19, బుధవారం

ఇవాళ కూడా రాయలేదు. సంతోషించాలి కదా. పొద్దున్నుంచి నాలుగుసార్లు చూశాను.

మార్చి 20, గురువారం

నోరు మూయించడానికి చేశాను, ఇంకెందుకూ కాదు. ఎవరైనా తర్వాత అడిగితే చూపించడానికి రుజువు ఉండాలి కదా.

రెండు గోడలు గీశాను. మధ్యలో బీము. రెండు చివర్లా చిటికెన వేలంత సందు. నడిమధ్య ఎంత వంగిందో చూశాను, ముప్పై అయిదు మిల్లీమీటర్లు. “కలుపు” నొక్కాను. ఏడు.

మళ్లీ గీశాను. మళ్లీ ఏడు.

సందు మూసుకుపోయింది. బటన్ బీమును రెండువైపులా గోడల్లో పాతేసినట్టు లెక్కగట్టింది. అలా ఎలా? ఒక్క మిల్లీమీటరు లోపు ఉన్నవాటినే కలపమని రాశాను. నేనే రాశాను, బాగా గుర్తు. ప్రోగ్రాం తెరిచి చూస్తే అక్కడ ఒకటి లేదు. ఇరవై ఉంది.

ఎవరో మార్చారు. ఒళ్లు మండిపోయింది. ఏ మార్పు ఎవరు చేశారో చూపే పట్టిక ఒకటి ఉంటుంది, దాన్ని తెరిచాను. ఈసారి మేకు తప్పించుకోలేడు.

జనవరి 3, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర. డెమోకు అరగంట ముందు. పేరు నాది.

గుర్తొచ్చింది. ఒకటి పెడితే డెమో కట్టడం రెండుచోట్ల ఊడిపోయింది. ఇరవై పెడితే ఊడలేదు. తర్వాత మళ్లీ ఒకటి చేద్దామనుకున్నాను. ఆ తర్వాత చప్పట్లు.

ఈ పుస్తకం తిరగేసి ముందు పేజీలు చూశాను. నా పాత రాత, గుండ్రంగా, ఇప్పటికంటే నీటుగా: “కూర్చున్న బీము అయిదు వంగితే, బిగించిన బీము ఒకటే వంగుతుంది.” పక్కన ఎర్ర సిరాతో మా మాస్టారు పెట్టిన టిక్కు. ముప్పై అయిదుకు ఏడు. అయిదోవంతు. ఇరవై ఏళ్లుగా నా దగ్గరే ఉన్న లెక్క.

సరే. తప్పు జరిగింది. కానీ దెబ్బ తగిలింది ఎవరికి? నలభయ్యొకటికి, ఆవిడ కూడా పట్టుకుంది. మిగతా అందరూ సంతోషంగానే ఉన్నారు. వెర్షన్ వెళ్లిపోయాక, తర్వాత సవరణలో చడీచప్పుడు లేకుండా ఒకటి పెట్టేస్తే సరి. ఇప్పుడు చెబితే మేకు ఊరుకుంటాడా?

సోమవారం దాటితే చాలు.

మార్చి 21, శుక్రవారం

రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. అయినా వరసగా రాస్తాను.

పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ మా ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. “ఇంక దాచడం నావల్ల కాదు, చెప్పేస్తున్నా. మా స్కూల్లో పాత భవనానికీ కొత్త భవనానికీ మధ్య రెండో అంతస్తులో నడిచే వంతెన వేశారు చూడండి, అది కట్టింది మా తమ్ముడే. సొంతంగా వాడి మొదటి పని. రేపు తెరుస్తారు. ముందు మిమ్మల్నే నడిపించాలని వాడి కోరిక. మీ వెనక మూడొందలమంది పిల్లలు.”

“నన్నెందుకు?”

“మీ బటన్ లేకపోతే అంత తక్కువ ఇనుముతో కట్టలేకపోయేవాణ్ని అంటాడు. ఎప్పుడు అడిగినా అదే మాట, నల్లేరు మీద బండి నడక అక్కా, బావ పుణ్యమే అని.”

నల్లేరు మీద బండి నడక.

ఈ పుస్తకం తీసి నాలుగో తేదీ పేజీ చూశాను. పదిహేడో సంఖ్య. ఇదివరకు ఇరవై. ఇప్పుడు నాలుగే. అయిదోవంతు.

“వాడు... ఏదో రాశాడన్నావు ఫోన్లో. ఏం రాశాడు?”

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “విన్నారా? కోప్పడకండి. ఫిబ్రవరి అంతా మీరు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు, అందరూ నా మీద పగబట్టారనేవారు. పేరు తెలియకుండా రాయొచ్చట కదా, బావ గురించి నాలుగు మంచి ముక్కలు రాయరా అని నేనే అన్నాను. కానీ అబద్ధం రాయలేదండీ. వాడికి నిజంగా నచ్చింది.”

నిజంగానే నచ్చింది. అదే కదా.

స్కూలు దాకా ఆటోలో వెళ్లామో, నడిచామో గుర్తులేదు. ఆటోలోనే అయి ఉంటుంది. బావమరిది రెండో అంతస్తులో వంతెన మొదట్లో నిలబడి కమ్మీలకు రంగు కాగితాలు కట్టిస్తున్నాడు. నన్ను చూసి మొహం చాటంత చేసుకుని, వెంటనే వాళ్లక్క మీద విరుచుకుపడ్డాడు. “చెప్పేశావా? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా!”

“దీని మీద ఎవరైనా నడిచారా?” అన్నాను.

“పనివాళ్లు నలుగురైదుగురు. ఎందుకు బావా?”

గోడ దగ్గర వంగి చూశాను. గోడ అంచు మీద బీము కూర్చుని ఉంది. బీముకూ గోడకూ మధ్య చీకటి గీత. చిటికెన వేలు పెట్టాను. రెండో కణుపు దాకా పోయింది.

“ఇది కలిసి లేదురా” అన్నాను.

“కలిసుండకూడదు కదా బావా. ఎండకి సాగొద్దూ? కావాలనే వదిలాం. అటుచివర కూడా అంతే.”

“నా బటన్ కలిసే ఉందనుకుంది.”

వాడు నవ్వబోయి ఆగాడు. వాడు మంచి ఇంజినీరే. నా మొహం చూశాడు, సందు చూశాడు, పెదవులు కదిలాయి. ఇరవై, నాలుగు, లెక్క వేసుకుంటున్నాడని తెలిసింది. రంగు కాగితాల కట్ట చేతిలోంచి జారిపోయింది.

“చేత్తో ఒకసారి లెక్క చూసుకోలేదా?”

“నీ సాఫ్ట్‌వేర్ ఉండగా చెయ్యెందుకు బావా?” అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

వాడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. కింద ఆటస్థలంలో పిల్లలు అరుస్తున్నారు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. డెమో, ఒకటి, ఇరవై, నిన్న చూసి కూడా సోమవారం దాటితే చాలనుకోవడం. అది చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను.

వాడు లేచాడు. “నీ మాట మీద కట్టాను. నీ మాట మీదే మూసేస్తా” అన్నాడు. పనివాళ్ల తాడు తెచ్చి అడ్డంగా రెండు పేటలు కట్టాడు, ముడి మీద ముడి వేసి. అటువైపు కట్టడానికి వంతెన దాటలేదు. మెట్లన్నీ దిగి, కింద చుట్టు తిరిగి, మళ్లీ ఎక్కి వెళ్లాడు. అది చూస్తూ మా ఆవిడ ఏడ్చింది. ప్రిన్సిపాల్ గదికి వాడే వెళ్లాడు. నేనూ వస్తానంటే, “నా సంతకం బావా” అన్నాడు. అయినా వెళ్లాను. తప్పు నాదని ఆయనకు చెప్పాను. ఆయన ఏమన్నారో రాయను. అనాల్సినవే అన్నారు.

మార్చి 22, శనివారం

సెలవు రోజైనా పెద్దసారు వచ్చారు. విన్నారు. “సోమవారం సంగతి?” అన్నారు మొదట. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, “నీ డెమోకి చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను” అన్నారు. వెర్షన్ ఆగింది. బటన్ తీసేశాను. నా కుర్చీ సంగతి సోమవారం తేలుస్తామన్నారు. తేల్చనీ.

నలభయ్యొకటికి నా పేరుతో, జరిగింది జరిగినట్టు రాశాను. క్షమించమన్నాను. పావుగంటలో జవాబు వచ్చింది, ఒకటే వాక్యం: “మొత్తానికి వేలు పెట్టి చూశారన్నమాట.”

మేకు వాచిన బుగ్గతోనే వచ్చాడు, నేను పిలిచానని. ఏం అంటాడోనని చూశాను. “కలుపు తీసేశారా సార్?” అన్నాడు. తీసేశానన్నాను. “పార్కింగ్ నిజమే సార్. రోజూ నా చోట బండి పెట్టేది పెద్దసారు” అన్నాడు. ఆరోజు క్యాంటీన్లో నా చూపు అతనికి అర్థమైందన్నమాట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పెద్దసారు జాబితా ఇచ్చారు. మెచ్చుకున్నవాళ్లు తొమ్మిదిమంది, ఒకటి మా ఇంటిదే. మిగతా ఎనిమిదిమందికి ఫోన్లు చేయడానికి పంచుకున్నాం. మేకుకు నోరు సరిగ్గా తిరగదు కాబట్టి అతనికి మూడు, నాకు అయిదు. మూడు వారాలుగా ప్రతి తిట్టునూ గిల్లి గిల్లి చూశాను. ఒక్క పొగడ్తను ముట్టుకోలేదు.

మేకు వంతు ముగ్గురి కట్టడాలూ ఇంకా కాగితం మీదే ఉన్నాయి. నా వంతులో నలుగురివి కూడా. ఆఖరున ఆరో సంఖ్య. అభిప్రాయంలో ఒకటే మాట రాశాడు, “సూపర్” అని.

“ఏం కట్టారు?” అని అడిగాను.

“లైబ్రరీలో చదువుకునే మేడ సార్. తెరిచి పదిరోజులైంది. ఇప్పుడు కూడా ముప్పై నలభైమంది ఉన్నారు పైన. మీ బటన్ చాలా...”

“ముందు వాళ్లందర్నీ కిందికి దింపండి.”

 అవతలి గొంతు మారింది. “ఎందుకు సార్? అసలు ఎవరు మీరు? ఎవరు చెప్పమన్నారు మీకు?”

అనుమానం. ఆ గొంతులో అది వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

“అనుమానించండి” అన్నాను. “నా మీద, నా బటన్ మీద, ఎంత కావాలంటే అంత. దింపాక అనుమానించండి. నేను లైను మీదే ఉంటాను.”

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. ఎవరినో పిలిచాడు. మేకు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం వింటూ ఉన్నాం. కాసేపటికి, దూరంగా, మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు మొదలైంది.